కూరకుండలో క్రొత్త కాయ

పాఠ్యభాగములు: 2 రాజులు 4:38–41, సంఖ్యాకాండము 11:4–9, దానియేలు 1:8–16



రాజుల రెండవ గ్రంథము నాల్గవ అధ్యాయము ఆదినుండి అంతమువరకు వంటయింటి అధ్యాయమే. మొదట ఒక విధవరాలి నూనెకుండ, తరువాత షూనేమీయురాలి యింటి భోజనము, పిమ్మట గిల్గాలులో కూరకుండ, చివర బయల్షాలిషానుండి ఒకడు తెచ్చిన యవల రొట్టెలు. ఎలీషా చేసిన అద్భుతములను గూర్చి ప్రసంగించు మనము, వాటిలో ఎన్నో పొయ్యి దగ్గరనే జరిగెనని చెప్పుట మరచుచుందుము. ఈ మాసపు పాఠము ఆ కూరకుండను గూర్చినది. దానికి కారణము కలదు.

మన యిండ్లలో క్రొత్త వంటలు ప్రవేశించుచున్నవి. పట్టణములలో చదువుకొను ఆడపిల్లలు సెలవులకు వచ్చునప్పుడు వంటల పుస్తకములు తెచ్చుచున్నారు. పుస్తకము లేనివారు చేతిఫోనులో చూచి వండుచున్నారు. మొన్న డొంకూరులో స్త్రీల కూటము ముగిసిన తరువాత, చేపల గంప మోసి జీవించు ఒక సహోదరి నన్నడిగెను: “అయ్యగారూ, తెల్లారగట్ల పోయి ఇచ్ఛాపురంలో సేపలమ్ముకొని వత్తాను. దీపాలేళకి పుస్తకం సూసి వండుదామంటాది మా కోడలు. ఉన్నదేదో ఉడకేసుకుంటే సాలదేటండీ?” కోడలు ప్రక్కనే తలవంచుకొని కూర్చుండెను. ఇరువురును నావైపు చూచుచుండిరి.

ఇది తేలికయైన ప్రశ్న కాదు. అలసట నిజము. ఒకే పులుసు ఏడు దినములు త్రాగలేని పిల్లల నోరును నిజమే. ఆ కోడలికి క్రొత్త వంట వండవలెనను కోరిక ఎందుకు పుట్టెనో తరువాత నాకు తెలిసినది. దానిని ఈ పాఠములో ముందునకు చెప్పెదను.

మొదట గిల్గాలుకు పోదము. దేశములో కరవు. ప్రవక్తల శిష్యులు ఎలీషా యెదుట కూర్చుండిరి. పెద్ద కుండ పొయ్యిమీద పెట్టి వారికి కూర వండుమని అతడు తన పనివానికి చెప్పెను. అప్పుడొకడు ఆకుకూరలు ఏరుటకు పొలములోనికి పోయి, ఒక అడవితీగెను చూచి, ఒడినిండ దాని కాయలు కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. అవి ఎట్టివో ఎవరికిని తెలియదు. వడ్డించిన పిమ్మట నోట పెట్టుకొనినవారు, కుండలో చావున్నదని కేకలు వేసిరి. ఎలీషా పిండి తెప్పించి కుండలో వేసి, మరల వడ్డించుమనెను. ఆ కుండలో హాని మిగులలేదు.

ఆ కాయ ఏటిపుచ్చ అయియుండవచ్చునని పండితులలో అనేకులు తలంచెదరు. ఏటిపుచ్చ ఇసుక నేలలలో ప్రాకును; చూచుటకు చిన్న పుచ్చకాయవలె ముచ్చటగా నుండును; మిక్కిలి చేదు; ఎక్కువగా కడుపులో పడినయెడల విరేచనములతో మనుష్యుని పడవేయును. మన వైద్యులు దానిని లెక్కప్రకారము మందులలో వాడుదురు. చేటు కాయయొక్క రూపులో లేదు, తెలియకపోవుటలో ఉన్నది.

ఇక్కడ గమనింపవలసిన సంగతులున్నవి. కరవుకాలములో ఉన్న కుండకు మరికొంత చేర్చవలెనని బయలుదేరిన ఆ మనుష్యుని ఎలీషా ఒక్క మాటయైనను అనలేదు. నీవెవరు క్రొత్త కాయ వేయుటకు అని గద్దింపలేదు. ఆ కుండను బోర్లించి పారవేయుమనియు చెప్పలేదు. దానిలో పిండి వేసెను, కూరను తినుటకు పనికివచ్చునట్లు చేసెను, మరల వడ్డించుమనెను. మన యిండ్లలో ఎట్లు జరుగుచున్నది? కోడలు ఒక క్రొత్త కూర చేసి అది కొంచెము చప్పగానో కారముగానో అయినయెడల, భర్త పళ్లెము ప్రక్కకు త్రోయును. మామగారు ఊరగాయ అడుగును. మరునాడు వీధిలో ఆ మాట నవ్వులాటగా తిరుగును. ఆ కోడలు మరి పది సంవత్సరములు పుస్తకము తెరువదు. పురుషులారా, ఈ పాఠమును చదువుచున్నప్పుడు మీరు ఆ కుండచుట్టు కూర్చున్న శిష్యులని యెంచుకొనుడి. వారు కేకలు వేసిరి గాని మరల వడ్డించినప్పుడు తినిరి.

“మన తాతలు తిన్నది మనకు చాలు” అనువారు కొందరు కలరు. వారితో నేను సంతోషముగా వాదింతును. మన తాతల తాతలు మిరపకాయ నెరుగరు. వాస్కోడగామా 1498లో కల్లికోటకు వచ్చిన తరువాత, పోర్చుగీసువారి ఓడలలో అమెరికా ఖండపు పంటలు మన తీరములకు చేరినవి. మిరప అట్లు వచ్చినదే. జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు. అదియు వారితోనే వచ్చినది. ఉర్లగడ్డయు టమాటాయు మూలమున అమెరికావే. కాబట్టి ఉద్దానపు అవ్వ చేయు పచ్చి జీడిపప్పు కూరలో జీడిపప్పు పరదేశి, ఎండుమిరప పరదేశి. ఎవరో ఒక యిల్లాలు ఏదో ఒక సాయంకాలము మొదటిసారి ధైర్యము చేసి ఆ కాయను కుండలో వేయనిదే అది మన కూర కాలేదు. మోషే దినములలోగాని పౌలు దినములలోగాని మిరపకాయ కారము తిన్నవాడు పరిశుద్ధ గ్రంథమంతటిలో ఒక్కడును లేడు.

ఆ జీడిపప్పే మనకు తెలిసిన ఏటిపుచ్చ. పలాసలో పిక్కలు ఒలుచు సహోదరీల చేతులను చూచినవారికి సంగతి తెలియును. పైడొప్పలోని జీడినూనె చర్మమును పుండు చేయును. దానిలోపలి పప్పు మాత్రము పాయసములోనికి వచ్చును. ఒకే పిక్కలో గాయమును విందును ప్రక్కప్రక్కనే యున్నవి. కాల్చి, కొట్టి, ఒలుచు విద్య తెలిసినవారివలన మనకు విందు దొరకుచున్నది. పచ్చి పిక్కలు దొరకు కాలమున పిల్లలకు ఆ పని అప్పగింపకుడి. చేతులకు బూడిదయో నూనెయో పూసికొని పెద్దలే ఒలువవలెను. ఆ డొప్పలను వంటపొయ్యిలో మండించుటయు మంచిది కాదు. ఆ పొగ కన్నులకును రొమ్ముకును చెరుపు.

ఇక అరణ్యమునకు పోదము. ఇశ్రాయేలీయులు మన్నాను చూచి విసిగి, ఐగుప్తులో తిన్న చేపలను, దోసకాయలను, ఉల్లిని, వెల్లుల్లిని తలంచుకొని యేడ్చిరి. ఈ భాగమును మనము సణుగుటను గూర్చి ప్రసంగించుటకే తీయుదుము. అది సరియే. అయితే 8వ వచనమును నిదానించి చదువుడి. జనులు మన్నాను కూర్చుకొని తిరుగటిలో విసరిరి, రోట దంచిరి, పెనముమీద వండిరి, రొట్టెలు చేసిరి. పురుషులు గుడారముల ద్వారములయొద్ద ఏడ్చుచుండగా, ఎవరో లోపల ఒకే దినుసును నానావిధములుగా వండుచుండిరి. వారి పేర్లు గ్రంథములో వ్రాయబడలేదు. నలువది సంవత్సరములు ప్రతి సాయంకాలము ఏమి వండవలెనని ఆలోచించిన ఆ తల్లులకు వంటల పుస్తకము లేదు; తిరుగలి, రోలు, పెనము ఉండెను.

మన స్థితియు అట్టిదే గదా. సంవత్సరమునకు 52 ఆదివారములు. ఆ దినమున ఉన్నంతలో కోడికూరయో మంచి చేపయో వండుకొందుము. క్రిస్మసుకు పిండివంటలు చేసికొందుము. మిగిలిన 313 సాయంకాలముల మాట ఏమి? క్రొత్త వంటలన్నియు పండుగలకే దాచుకొని, వారపు దినములను చప్పిడిగా వెళ్లబుచ్చుచున్నాము. మాలతీ చందూర్ గారు వ్రాసిన ‘వంటలు–పిండివంటలు’ అను పుస్తకము తెలుగు దేశములో అనేక ముద్రణలు పొంది, తల్లులు కుమార్తెలకు ఇచ్చుకొనిన పుస్తకము. అది మన యిండ్లలోనికి వచ్చినప్పుడు వెనుక భాగములోని పిండివంటల పుటలే నూనె మరకలతో నలిగి, ముందు భాగములోని నిత్యపు కూరల పుటలు తెల్లగా నుండుట నేను చూచితిని.

అమెరికాలోని మెన్నొనైటు సంఘములవారి కథ యొకటి ఇక్కడ చెప్పదగును. 1970వ దశకమున లోకములో ఆహారపు కొరత మిక్కుటమైనప్పుడు, వారి సహాయ సంఘము తన సభ్యులను తాము తినుదానిలోను ఆహారమునకు వెచ్చించుదానిలోను పదియవ వంతు తగ్గించుకొనుడని కోరెను. ఎట్లు తగ్గించవలెనని గృహిణులు అడిగిరి. డోరిస్ జాన్సెన్ లాంగేకర్ అను సహోదరి వారి యిండ్లనుండియు, అన్యదేశములలో పనిచేసినవారినుండియు వంటలు సేకరించి 1976లో ‘మోర్ విత్ లెస్’ అను వంటల పుస్తకమును కూర్చెను. తక్కువలో ఎక్కువ అని దాని భావము. మాంసము తగ్గించి పప్పును ధాన్యమును కలిపి వండు విధములు దానిలో నున్నవి. మనము తరతరములుగా తిను పప్పన్నమును వారు పుస్తకము చూచి నేర్చుకొనిరి! నవ్వవలదు, వారి పప్పు మనకు పాతది, మన చుట్టుప్రక్కలవారి కూర మనకు క్రొత్తది.

మన సరిహద్దు దాటినంతనే ఒడిశాలో ‘దాల్మా’ అని యొక వంట కలదు. కందిపప్పునో పెసరపప్పునో తీసికొని, పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ, గుమ్మడి, కంద మొదలైన వాటిలో ఇంట ఉన్నవానిని ముక్కలు చేసి, అల్లము, పసుపు వేసి ఒకే కుండలో ఉడికింతురు. పైన జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోపు, నల్లజీలకర్రతో నేతి పోపు పెట్టి, వేయించిన జీలకర్ర మిరప పొడియు కొబ్బరి కోరును చల్లుదురు. ఉల్లి అక్కరలేదు. ఒకే పొయ్యి, ఒకే గిన్నె, ఒకే కడుగుడు. గంప మోసి వచ్చిన చేతులకు ఇది సరియైన వంట. పక్క యూరివారు ఇట్లు పప్పును కూరగాయలను ఒకటిగా ఉడికించుకొనుచుండగా, మనము పప్పు వేరు, కూర వేరు, చారు వేరు అని మూడు గిన్నెలు తోముకొనుచున్నాము. అది గుడి వంట గదా అని ఒక పెద్ద సందేహించెను. కటికవాని అంగడిలో అమ్మబడు దానిని విచారణ చేయక తినుడని పౌలు కొరింథీయులకు వ్రాసినది (1 కొరింథీ 10:25) ఆయనకు చూపితిని. వంట చేయు విధము పొరుగువారిది. అది ఎవరి పొయ్యిమీదనైనను ఉడుకును.

పుస్తకపు వంటలను మన యింటికి దింపుకొనునప్పుడు రెండు చిక్కులు వచ్చును. మొదటిది దినుసులు. వెన్న, పాలమీగడ, జున్ను వేయుమని యుండును. అవి కొననక్కరలేదు. నానబెట్టిన జీడిపప్పు గుప్పెడు నూరి వేసినయెడల మీగడ చేయు పని అదియే చేయును. పలాస ప్రక్కన నివసించి మీగడకు రూకలు వెచ్చించుట యెందుకు? పొట్టేలు మాంసము అను చోట పనస పిక్కలు వేయవచ్చును. వాటిని ఉడికించి, పైపొట్టు తీసి, రొయ్యలతో కలిపి వండినప్పుడు కొలది రొయ్యలే ఇల్లంతటికిని సరిపోవును. మంచి చేప అంతయు సంతకు పోయి, ఇంటికి కవళ్లును నెత్తళ్లును మిగులునని మనవారు చిన్నతనముగా చెప్పుకొందురు. ముల్లుతోకూడ నమలి తిను చిన్న చేపలో పిల్లల యెముకలకు కావలసిన సున్నము పెద్ద చేప ముక్కలోకంటె ఎక్కువ. అట్లే చోళ్లు. 100 గ్రాముల చోళ్లలో కాల్షియము 300 మిల్లీగ్రాములకు పైగా నుండును. బియ్యములో దానిలో ఇరువదవ వంతైనను లేదు. ఐక్యరాజ్య సమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత, పట్టణములలో చోడిపిండి అద్దాల అంగళ్లలోనికి ఎక్కినది. మన అవ్వలు అంబలిగా త్రాగినది అదియే. అంబలి వద్దను పిల్లలకు చోడిపిండిలో ఉల్లిముక్కలు, మునగాకు కలిపి, వేడినీళ్లతో తడిపి, పెనముమీద రొట్టెగా తట్టి ఇయ్యవచ్చును.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన ఉద్దానములో కొబ్బరిచెట్లను జీడిచెట్లను కూల్చివేసిన పిమ్మట, పెరటి కొబ్బరికాయ కొనుకొబ్బరి అయిన యిండ్లు అనేకము. కాబట్టి పుస్తకములో కాయ కొబ్బరి అని యున్నంతమాత్రమున కాయయంతయు కోరనక్కరలేదు. సగముతో వండి రుచి చూడుడి.

రెండవ చిక్కు కొలతలు. ఇది చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. మన పెద్దలు సోలతోను గిద్దెతోను కొలిచిరి. నాలుగు గిద్దెలు ఒక సోల. పుస్తకములు కప్పులతోను చెంచాలతోను కొలుచును. వాటిలో టీ చెంచా అనగా 5 మిల్లీలీటర్లు, టేబుల్ చెంచా అనగా 15 మిల్లీలీటర్లు. రెండును చెంచాలే యని యొకదాని బదులు మరియొకటి వేసినయెడల ఉప్పు మూడింతలగును. అమెరికావారి కప్పు 240 మిల్లీలీటర్లు. మరికొన్ని దేశములలో 250. మన యింటి గ్లాసు ఏదియు కాదు. క్రొత్త వంట మొదలిడు సహోదరీలు ఒక టీ చెంచాను, ఒక గిన్నెను ఏర్పరచుకొని, వాటినే ఎల్లప్పుడు వాడుట మంచిది. చెంచాపై గుట్టగా పోయక అంచుతో సమముగా దువ్వవలెను.

ఉప్పు మాట వచ్చినది గనుక, ఆ కోడలి సంగతి ఇక్కడ చెప్పవలెను. ఆమె మామగారికి మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలములలో ఈ వ్యాధి ఎరుగని వీధి లేదు. 1990వ దశకమునుండి ఇది వైద్యుల దృష్టికి వచ్చినది. నీటినిగూర్చి, నేలనుగూర్చి, ఎండలో పనినిగూర్చి, మందులనుగూర్చి ఎన్నో పరిశోధనలు జరిగినవి. ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ రోగులకొరకు ప్రత్యేకమైన ఆసుపత్రియు పరిశోధనా కేంద్రమును ప్రారంభింపబడినవి. మన యింటి ఆడవారి వంటవలననే ఈ వ్యాధి వచ్చినదని నిందించుటకు ఆధారమేమియు లేదు. అట్టి నింద మోయుచున్న భార్యలు మన సంఘములో నున్నారు గనుక దీనిని స్పష్టముగా వ్రాయుచున్నాను. అయితే వ్యాధి వచ్చిన పిమ్మట వంటయిల్లు చేయవలసిన పని చాల కలదు.

ఆ పెద్దాయనకు వైద్యుడు ఉప్పు తగ్గించుమని చెప్పెను. ఇంట అందరి కూర ఒక కుండలో, ఆయన చప్పిడి కూడు వేరొక గిన్నెలో. ఆయన అరుగుమీద ఒక్కడే కూర్చుండి రెండు ముద్దలు తిని పళ్లెము క్రింద పెట్టును. ఇది చూడలేక ఆ కోడలు, ఉప్పు తగ్గించియు రుచి పోకుండ వండుట ఎట్లని పుస్తకములో వెదకుచుండెను. అత్తగారికి ఈ సంగతి చెప్పుటకు ఆమెకు నోరు రాలేదు. కూటములో అది బయటపడినప్పుడు ఆ తల్లి గంపను ప్రక్కకు పెట్టి, కోడలి చేతిలోని పుస్తకము తీసికొని, “సదువు, యింతాను” అనెను.

కాబట్టి గిల్గాలు కుండను మరల జ్ఞాపకము చేసికొందము. కుండలో వేయుదాని సంగతి ఎరుగవలెను. కొన్ని విషయములు అందరికిని తెలియవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఒక మనిషికి దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునని చెప్పుచున్నారు. అది సమముగా దువ్విన ఒక టీ చెంచాకు మించదు. కూర, చారు, పెరుగన్నము, ఊరగాయ అన్నిటిలోని ఉప్పును కలిపి లెక్క. ఐదుగురు ఉన్న యింట దినమునకు 25 గ్రాములు. అనగా కిలో పొట్లము 40 దినములు రావలెను. మీ యింట ఎన్ని దినములు వచ్చుచున్నదో పొట్లముమీద తేదీ వ్రాసి చూడుడి. నౌపడ ఉప్పుమళ్ల ప్రక్కన పుట్టిన మనము ఉప్పును లెక్కపెట్టు అలవాటు నేర్వలేదు. ఉప్పుచేప వండిన దినమున కూరలో వేరుగా ఉప్పు వేయక, చేపను నీళ్లలో నానబెట్టి రెండు మారులు ఆ నీళ్లు పారబోసి వండుడి.

అంగళ్లలో సోడియము తక్కువ అని వ్రాసిన ఉప్పు అమ్ముచున్నారు. రక్తపుపోటు ఉన్నవారికి మంచిదని వినియుందురు. అందులో సోడియమునకు బదులుగా పొటాషియము కలిపెదరు. మూత్రపిండములు చెడినవాని దేహము ఆ పొటాషియమును బయటికి పంపలేదు; అది రక్తములో పెరిగినయెడల గుండె ఆగిపోవచ్చును. మేలు చేయుదునని తెచ్చిన పొట్లమే ఆ యింట ఏటిపుచ్చ యగును. వైద్యుని అడుగక దానిని రోగి యింట వాడరాదు. కొబ్బరినీళ్లు, అరటిపండు, పనసపండు, ఎండు ఫలములు, ఆకుకూరలు ఆరోగ్యవంతునికి మేలైనవే గాని వాటిలోను పొటాషియము ఎక్కువ. పైన నేను వ్రాసిన మునగాకు రొట్టెయు, దాల్మాలోని అరటికాయయు, కందయు ఆ లెక్కలోనివే. కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చివేసినయెడల కొంత తగ్గును. స్టార్‌ఫ్రూట్ అను ఐదు అంచుల పుల్లని పండు మాత్రము వారికి ఎన్నడును పెట్టరాదు. అది వారి మెదడునకు విషమగును. చేపయు పప్పును ఎంత తినవలెనను దానిలో డయాలసిస్ మొదలు కాకముందు ఒక లెక్క, మొదలైన పిమ్మట మరియొక లెక్క. కాబట్టి పొరుగింటి రోగి తినుచున్నాడని మీ యింటి రోగికి పెట్టవలదు. ఫోనులో ఎవరో చెప్పిరని అసలే వలదు. ఆసుపత్రికి పోవునాడు మీరు వండదలచిన దినుసుల పేర్లు కాగితముమీద వ్రాసికొని పోయి అడుగుడి. వారు చదివి, కొట్టివేయవలసినవి కొట్టివేయుదురు.

దానియేలు చేసిన పని ఇక్కడ చాల ఉపయోగము. అతడు క్రొత్త భోజనము కోరినప్పుడు నపుంసకుల యధిపతి నియమించిన వానితో, పది దినములు పరీక్షించి చూడుమనెను. ఎల్లకాలము అని అడుగలేదు. పది దినముల పిమ్మట మా ముఖములు చూచి నిర్ణయించుమనెను. ఇంట ఉప్పు తగ్గించునప్పుడు ఒక్కసారి సగము చేయుదురు. మరునాడు అందరును కూర పారవేయుదురు. అట్లుగాక వారమునకు కొంచెము చొప్పున తగ్గించినయెడల నాలుక దానికి అలవాటు పడును. నిమ్మరసము, వేయించి పొడిచేసిన జీలకర్ర, నూరిన ఆవాలు, అల్లము, వెల్లుల్లి, కరివేపాకు, మిరియాలు, ఇవి ఉప్పు లేని లోటును చాలవరకు కప్పును. ఆవ పెట్టిన కూరలో ఉప్పు సగమైనను ఎవరును కనిపెట్టరని మా యింటి అమ్మగారు చెప్పుచున్నారు. నేను తినుచున్నాను గనుక సాక్షిని. క్రొత్త కూరను పిల్లలు మొదటి దినమున ఉమ్మివేసినను విడువక, పళ్లెములో ఒక మూల చెంచెడు పెట్టుచుండవలెను. ఏడవసారో పదియవసారో అడిగి పెట్టించుకొందురు.

ఇందులో పురుషుల భాగమును ఉన్నది. మన తీరపు పురుషులు అనేకులు సంవత్సరములో చాల నెలలు పరరాష్ట్రములలో పడవలమీద పని చేయుదురు. అక్కడ వంతులవారీగా వారే వండుకొందురు. గుజరాతు రేవులో చేప పులుసు కాచిన చేయి ఇంటికి వచ్చిన వెంటనే పళ్లెము ముందు పెట్టువరకు కదలదు! వారమునకు ఒక్క సాయంకాలము వారు పొయ్యి పట్టుకొనినయెడల, గంప మోసి వచ్చిన భార్యకు క్రొత్త వంట నేర్చుటకు తీరిక దొరకును. తిబెరియ సముద్రతీరమున, రాత్రియంతయు వల వేసి అలసిన శిష్యులు ఒడ్డుకు చేరునప్పటికి నిప్పులమీద చేప కాల్చి సిద్ధపరచినది ఎవరో యోహాను 21వ అధ్యాయములో చదువుకొనుడి.

ఇక ఆ పెద్దాయన భోజనము. డొంకూరు సహోదరీలు కూర్చుండి ఆలోచించి ఈలాగు ఏర్పాటు చేసికొనిరి. కుండలో కూర ఉడుకునప్పుడు ఉప్పు వేయరు. పులుపు, పోపు, మసాలా అన్నియు వేసి, ఉడికిన పిమ్మట రోగి భాగమును మొదట వేరు గిన్నెలోనికి తీయుదురు. ఆయనకు వైద్యుడు వద్దనిన కాయలు ఆ దినమున కుండలోనికే రానియ్యరు. తరువాత మిగిలిన కూరలో కొలిచిన ఉప్పు వేసి కలిపెదరు. కూర ఒక్కటే, వాసన ఒక్కటే. ఆయనను అరుగుమీదనుండి లోపలికి పిలిచి, మనుమల ప్రక్కన పీట వేయుదురు. ఇప్పటికి మూడు యిండ్లవారు మొదలుపెట్టిరి. వచ్చే మాసపు స్త్రీల కూటమునకు ప్రతి సహోదరియు తాను ప్రయత్నించిన ఒక క్రొత్త వంటను తెచ్చి, ఎన్ని చెంచాల ఉప్పు వేసెనో ఎందరు తినిరో చీటీమీద వ్రాసి గిన్నెకు కట్టవలెను. చదువు రానివారికి వారి కోడళ్లు వ్రాసి యిత్తురు.